హాంకాంగ్‌ను పడవలో, ట్రామ్‌లో, కాలినడకన చూడాలనుకునే ఫొటోగ్రాఫర్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హాంకాంగ్ వెళ్తున్నామని చెప్పే మిత్రులు కెమెరా గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసిపెట్టాను. ఈ ఊరి హోటళ్ల గురించీ దుకాణాల గురించీ నన్ను అడగకండి. వెలుతురు గురించి మాత్రం కొంత చెప్పగలను.

అంత మంచి మెట్రో ఉండగా పడవలు, ట్రామ్‌లు ఎందుకు?

మెట్రో నిజంగానే మంచిది, వేగంగా చేరుస్తుంది. కానీ ఊరి నడిబొడ్డున అది భూమి కింద, సముద్రం కింద నడుస్తుంది. ఒక చోట దిగి మరోచోట తేలతారు, మధ్యలో ఊరు కనిపించదు. హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీ పడవ, వీధిలో పట్టాల మీద నడిచే రెండంతస్తుల ట్రామ్, రెండూ నెమ్మదిగా కదులుతాయి, రెండింటికీ తెరిచిన కిటికీలు ఉంటాయి. కెమెరా పట్టుకున్నవాడికి అంతకంటే ఏం కావాలి? పైగా రెండూ ఊళ్లోకెల్లా చవకైన ప్రయాణాలు. నచ్చకపోతే దిగి మళ్లీ ఎక్కవచ్చు. ఒకే పడవలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగిన సాయంత్రాలు నాకు ఉన్నాయి. టికెట్టు చూసేవాళ్లు నన్ను వింతగా కూడా చూడలేదు.

ఏ నెలలో వెళ్లాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తేమ, పొగమంచు కలిసి ఎత్తయిన భవనాల తలలను మింగేస్తాయి. అదీ ఒక రకం అందమే, కానీ మొదటిసారి వెళ్లేవారు నిరాశ పడతారు. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండ, ఉక్క, వాన, తుఫాన్లు. అయితే వేసవిని పూర్తిగా కొట్టిపారేయకండి. దాని సంగతి కింది జవాబులో వస్తుంది.

ఎండ ఎటునుంచి పడుతుంది? అందరూ తీసే ఆ భవనాల వరుస నాకు ఎప్పుడూ నల్లగానే ఎందుకు వస్తోంది?

నన్ను అడిగిన ప్రశ్నల్లో అన్నింటికంటే మంచిది ఇదే. ముందుగా నేల స్వరూపం చూడండి. విక్టోరియా హార్బర్ సుమారుగా తూర్పు పడమరలుగా సాగుతుంది. ఉత్తరాన కౌలూన్, దక్షిణాన హాంకాంగ్ దీవి. పర్యాటకులంతా కౌలూన్ ఒడ్డున, సిమ్ షా సుయ్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూస్తారు. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో పుట్టి, దక్షిణం మీదుగా సాగి, నైరుతిలో మునుగుతాడు. అంటే పొద్దస్తమానం మీరు చూసే భవనాల వెనకే ఉంటాడు. వాటి ముఖాలు నీడలో, ఆకాశం తెల్లగా. తప్పు కెమెరాది కాదు, నిలబడిన ఒడ్డుది.

దీనికి మూడు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, పగటిపూట ఒడ్డు మార్చండి. దీవి వైపు నుంచి కౌలూన్‌ను తీయండి, ఎండ మీ వీపు మీద పడుతుంది. విక్టోరియా శిఖరం పక్కన లూగార్డ్ రోడ్డు మీది నుంచి చూసినా అంతే. అక్కడినుంచి కింద ఉన్న ఊరు, హార్బర్, అవతల కౌలూన్ అన్నీ ఉత్తరం వైపే కాబట్టి చలికాలపు ఎండ వెనకనుంచి వాటి మీద పడుతుంది. ఆ దారి నడవడానికి టికెట్టు కూడా అక్కర్లేదు.

రెండోది, కౌలూన్ ఒడ్డున పొద్దు గుంకే దాకా ఆగండి. సూర్యుడు మునిగిన పావుగంటకు ఆకాశం ముదురు నీలానికి తిరుగుతుంది, అప్పటికే భవనాల్లో దీపాలు వెలుగుతాయి. ఆకాశం, దీపాలు సరిసమానంగా తూగే సమయం ఇరవై నిమిషాలకు మించదు. డిసెంబరులో ఐదూ నలభై ప్రాంతాన పొద్దు మునుగుతుంది, జూన్ చివర్లో ఏడూ పది దాకా ఉంటుంది. దాన్నిబట్టి లెక్క వేసుకోండి.

మూడోది ఎక్కువమందికి తెలియదు. హాంకాంగ్ కర్కట రేఖకు కాస్త దక్షిణంగా, 22.3 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అందుకని జూన్‌లో సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా ఉదయించి, మధ్యాహ్నం దాదాపు నడినెత్తికి వచ్చి, పడమరకు ఉత్తరంగా అస్తమిస్తాడు. ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నర, ఆరు గంటల ఎండ హార్బర్ మీదుగా ఏటవాలుగా వచ్చి దీవి భవనాల ముఖాల మీదే పడుతుంది. వాన వెలిసిన జూన్ సాయంత్రం బ్యాంక్ ఆఫ్ చైనా టవర్ అద్దాలు రాగి పళ్లెంలా మెరవడం చూస్తే, చెమటతో వీపుకు అంటుకున్న చొక్కా గుర్తుకు రాదు.

స్టార్ ఫెర్రీలో ఏ రూటు, ఏ అంతస్తు?

సిమ్ షా సుయ్ నుంచి సెంట్రల్‌కు ఒకటి, వాన్ చాయ్‌కి ఒకటి ఉన్నాయి, ఆ రెండు పేటలూ దీవి వైపే. ముందు సెంట్రల్ పడవ ఎక్కండి. తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉండే ఈ పడవలకు ముందూ వెనకా తేడా లేదు. అవతలి రేవు చేరాక మళ్లీ మళ్లాల్సిన పని లేకుండా వచ్చినట్టే తిరిగి వెళ్తాయి. అందుకే బెంచీల వీపులు కూడా అటూ ఇటూ తిరుగుతాయి. ఎక్కిన ప్రతివాడూ ఆ చెక్కను టపుక్కున తిప్పి, పడవ వెళ్లే దిక్కుకు కూర్చుంటాడు. ఆ చెక్కల్లో చిన్న చిన్న చిల్లులతో నక్షత్రం గుర్తు పొడిచి ఉంటుంది. సాయంత్రపు ఎండ పక్కనుంచి తగిలినప్పుడు ఆ బెంచీల వరుసను ఒకసారి తీసి చూడండి. నా దగ్గర ఉన్న హాంకాంగ్ ఫొటోల్లో గోడకు తగిలించినది అదొక్కటే.

దృశ్యం కావాలంటే పై అంతస్తు, మనుషులు, నీళ్లు కావాలంటే కింది అంతస్తు. కింద ఇంజను మోత, డీజిల్ వాసన ఉంటాయి, కానీ నీటికి దగ్గరగా ఉంటారు. ముఖ్యంగా పడవ రేవుకు చేరే క్షణం చూడండి. నీలం దుస్తుల నావికుడు పొడవాటి కొక్కెం కర్రతో లావుపాటి మోకును అందుకుంటాడు, దాన్ని ఇనుప గుంజకు చుట్టగానే అది కిర్రుమని బిగుస్తుంది, ఆ వెంటనే నడకపలక ధడేలున దిగుతుంది. మొత్తం అర నిమిషం పని. దాన్ని తీయాలంటే పడవ ఆగకముందే ఆ చివరకు చేరి, దారికి అడ్డం లేకుండా పక్కకు నిలబడాలి. ఒకసారి తప్పిపోతే బాధ లేదు, పది నిమిషాల్లో అవతలి రేవులో మళ్లీ అదే జరుగుతుంది.

ఈ పడవల వ్యాపారాన్ని 1888లో మొదలుపెట్టినది దోరాబ్జీ నౌరోజీ మిఠాయ్‌వాలా అనే పార్సీ. ఇంటిపేరులో మిఠాయి ఉన్న మనిషి సముద్రం మీద పడవలు నడిపాడు. 1966లో ఇదే పడవకు మొదటి తరగతి టికెట్టు ఐదు సెంట్లు పెంచితే కౌలూన్‌లో అల్లర్లు చెలరేగాయి. ఈ ఊరివాళ్లకు ఇది పర్యాటకుల పడవ కాదని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఇప్పటికీ ఉదయం ఎనిమిదింటికి ఎక్కితే మీ చుట్టూ ఆఫీసుకు వెళ్లేవాళ్లే ఉంటారు.

రాత్రి పడవలోంచి తీసినవన్నీ అలుక్కుపోతున్నాయి. ఏం చేయాలి?

పడవలో ట్రైపాడ్ పెట్టి ప్రయోజనం లేదు. ట్రైపాడ్‌తో పాటు పడవా ఊగుతుంది కదా. షట్టర్‌ను సెకనులో 60వ వంతు, వీలైతే 125వ వంతు దగ్గర ఉంచి, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును అందుకునే శక్తి) ఎంత పెరిగితే అంత పెరగనివ్వండి. కాస్త గరుకుగా వచ్చిన ఫొటోను సరిదిద్దుకోవచ్చు, అలుక్కుపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు. రెయిలింగుకు మోచేతులు ఆనించకండి, ఇంజను వణుకంతా కెమెరాలోకి వస్తుంది. మోచేతులు పొట్టకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. నీళ్లలో దీపాలు గీతలుగా సాగే ఫొటో కావాలంటే ఒడ్డున, గట్టి నేల మీద ప్రయత్నించండి.

రాత్రి ఎనిమిది గంటల లైట్ల ప్రదర్శన చూసి తీరాలా?

సింఫనీ ఆఫ్ లైట్స్ 2004 నుంచి సాగుతోంది. ఒకసారి చూడండి, కాదనను. కానీ ఎనిమిదింటికి ఏ కాలంలోనైనా ఆకాశం నల్లబడి ఉంటుంది. ఫొటోకు కావలసిన నీలం అప్పటికే పోయింది. ప్రదర్శన కోసం జనం ఒడ్డున చేరేసరికి నేను కెమెరా సంచిలో పెట్టేసి ఉంటాను.

ట్రామ్ ఎలా ఎక్కాలి? డబ్బులు ఎవరికి ఇవ్వాలి?

వెనకనుంచి ఎక్కాలి, ముందునుంచి దిగాలి, దిగేటప్పుడు డబ్బు చెల్లించాలి. ఎంత దూరం వెళ్లినా ఒకటే ఛార్జీ. డ్రైవరు చిల్లర ఇవ్వడు, కాబట్టి ముందుగా డబ్బు వేసి వాడుకునే ఆక్టోపస్ కార్డు దగ్గర ఉంచుకోండి. అది పడవకూ మెట్రోకూ కూడా పనికొస్తుంది. కిక్కిరిసిన ట్రామ్‌లో పై అంతస్తు నుంచి దిగి ముందుకు చేరడానికి సమయం పడుతుంది. మీ స్టాపుకు ఒక స్టాపు ముందే లేవండి.

పై అంతస్తులో ఎటు కూర్చోవాలి?

ముందు వరుసలో, కిటికీ పక్కన. అది ఖాళీగా దొరకాలంటే లైను మొదట్లో, అంటే కెనడీ టౌన్‌లోనో షౌ కేయ్ వాన్‌లోనో ఎక్కాలి. మధ్యలో ఎక్కి ఆ సీటు కావాలంటే అదృష్టం ఉండాలి. లైను దీవి ఉత్తరపు అంచున తూర్పు పడమరలుగా సుమారు 13 కిలోమీటర్లు సాగుతుంది. ఈ చివరినుంచి ఆ చివరికి గంటకు పైగానే పడుతుంది. ఇక్కడా ఎండ లెక్కే. ఉదయం పడమటి వైపు వెళ్లే ట్రామ్ ఎక్కితే వెనకనుంచి వచ్చే ఎండ మీ ముందున్న వీధి మీద పడుతుంది. సాయంత్రం తూర్పుకు వెళ్లాలి. నీడబొమ్మల్లా మనుషులు కావాలంటే దీన్ని తిరగేయండి.

వెనక వరుసను కూడా మరచిపోకండి. వెనక వచ్చే ట్రామ్ ముఖం, దాని పై అంతస్తులో కునుకు తీసే మనిషి, ఇద్దరూ ఒకే చట్రంలో పడతారు. ఈ ట్రామ్‌లు ఎంత ఇరుకుగా పక్కపక్కన వెళ్తాయంటే, ఎదురుగా వచ్చేదాంట్లో కూర్చున్నవారి చేతిలోని పేపరు శీర్షిక కనిపిస్తుంది. చెయ్యి, కెమెరా పట్టీ కిటికీ బయటికి పెట్టవద్దని నేను చెప్పే కారణం అదే.

ట్రామ్ 1904లో మొదలైంది. అప్పుడవి ఒకే అంతస్తువి, రెండంతస్తులవి 1912లో వచ్చాయి. గంట శబ్దాన్ని బట్టి జనం దాన్ని ‘డింగ్ డింగ్’ అంటారు. చాలా ట్రామ్‌లకు ఏసీ లేదు, మన అదృష్టం. ఏసీ ఉంటే అద్దాలు మూసి ఉంచేవారు, ఫొటోల్లో మన ముఖాలే ప్రతిబింబించేవి.

మార్కెట్ మధ్యలోంచి ట్రామ్ వెళ్లే వీధి ఏది?

నార్త్ పాయింట్‌లోని చున్ యెంగ్ వీధి. ముందు బోర్డు మీద ‘నార్త్ పాయింట్’ అని ఉన్న ట్రామ్ మాత్రమే అటు తిరుగుతుంది. ఆఖరి స్టాపు దాకా కూర్చోండి. కూరగాయలు, చేపలు, మాంసం, చవక బట్టలు రెండు పక్కలా పట్టాల దాకా వచ్చి ఉంటాయి. జనం పట్టాల మీదే నడుస్తుంటారు. గంట మోగగానే ఎవరూ పరిగెత్తరు, తలెత్తి చూడరు కూడా. అటో అడుగు ఇటో అడుగు వేసి దారి ఇస్తారు, ట్రామ్ వెళ్లగానే మళ్లీ మూసుకుపోతారు. చెరువులో నాచును చేత్తో పక్కకు తోస్తే మళ్లీ కలుసుకున్నట్టు ఉంటుంది.

దాన్ని రెండు రకాలుగా తీయాలి. మొదట ట్రామ్ పైనుంచి, దారి ఇచ్చే జనాన్ని. తరవాత దిగి వెనక్కి నడిచి, అంగళ్ల ఎర్ర దీపాల కింద నిలబడి వచ్చే ట్రామ్‌ను. ఉదయం తొమ్మిది, పది గంటలకు బేరాలు జోరుగా ఉంటాయి. బేరం చేసుకునేవాళ్ల దారికి అడ్డంగా నిలబడకండి. ఒక ముసలావిడ సంచితో నన్ను పక్కకు తోసి, తన కాకరకాయలు తాను కొనుక్కుంది. న్యాయం ఆవిడదే.

కదిలే ట్రామ్‌ను స్పష్టంగా, వెనక అంతా గీతలుగా ఎలా తీయాలి?

షట్టర్‌ను 15వ వంతు లేదా 30వ వంతు సెకనుకు పెట్టి, ట్రామ్‌తో పాటు నడుము నుంచి తిరుగుతూ నొక్కండి. నొక్కాక కూడా తిరగడం ఆపకండి, చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది. రెండు మూడు నిమిషాలకు మరొకటి వస్తూనే ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. ఎల్‌ఈడీ బోర్డుల వెలుగులో వేగమైన షట్టర్ పెడితే ఫొటోలో నల్లటి పట్టీలు పడవచ్చు. అప్పుడు 50వ వంతుకు దించి చూడండి.

పీక్ ట్రామ్ కూడా ఇదేనా?

కాదు. అది 1888 నుంచి విక్టోరియా శిఖరం కొండ ఎక్కుతున్న తాడు రైలు. టికెట్టు వేరు, ధర వేరు, వరుస చాలా పొడవు. ఒకసారి ఎక్కడానికి బాగుంటుంది. ఫొటోల కోసమైతే బస్సులో పైకి వెళ్లి లూగార్డ్ రోడ్డున నడవడమే మేలు.

నడవడానికి ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకు ఇష్టమైన నడక వాన్ చాయ్‌లో పాత ఒడ్డు వెంట సాగేది. ట్రామ్‌లో వెళ్తున్నప్పుడు జాన్‌స్టన్ రోడ్డు దగ్గర పట్టాలు తిన్నగా పోక మెల్లగా వంపు తిరగడం గమనించండి. 1904లో అక్కడ ట్రామ్ సముద్రం పక్కనే నడిచేది. తరవాత సముద్రాన్ని పూడ్చి ఊరిని ఉత్తరానికి జరిపారు, పట్టాలు మాత్రం పాత ఒడ్డు వంపునే ఉండిపోయాయి. ఇంకా లోపలికి, క్వీన్స్ రోడ్ ఈస్ట్ మీదికి వెళ్తే హంగ్ షింగ్ గుడి కనిపిస్తుంది. సముద్రం మీదికి వెళ్లేవారిని కాచే దేవుడి గుడి అది, కట్టినప్పుడు అలలు దాని ముందే ఉండేవి. ఇప్పుడు ముందు బస్సులు. నల్లబడిన రాతి గుమ్మం, దాని మీదికి ఒరిగినట్టున్న అద్దాల భవనం, రెండూ పట్టేలా తీయాలంటే రోడ్డు అవతలికి వెళ్లి నిలువుగా తీయండి. అక్కడినుంచి కొద్ది దూరంలో స్టోన్ నల్లా లేన్‌లో 1920ల నాటి నీలం ఇల్లు ఉంది. పేరుకు తగ్గట్టు గోడలు నీలమే. మబ్బు పట్టిన రోజు దాని రంగు మరింత నిండుగా వస్తుంది.

రెండో నడక సెంట్రల్ నుంచి కొండ పైకి. కాళ్లకు పని తగ్గించడానికి 1993 నుంచి అక్కడ ఎస్కలేటర్ల వరుస ఉంది, పొడవు 800 మీటర్లు, ఎక్కే ఎత్తు 135 మీటర్లు. ఉదయం ఆరు నుంచి పది దాకా కిందికి, ఆ తరవాత అర్ధరాత్రి దాకా పైకి నడుస్తుంది. హాలీవుడ్ రోడ్డు దగ్గర దిగి పడమటికి నడిస్తే 1847 నాటి మాన్ మో ఆలయం వస్తుంది. కప్పు నుంచి వేలాడే చుట్టల అగరుబత్తులు, వాటి పొగలోంచి పడే వెలుతురు గుమ్మం దగ్గర నిలబడినా కనిపిస్తాయి. లోపల బోర్డు ఏం చెబితే అది పాటించండి. నెత్తిమీద బూడిద రాలుతుంది, లెన్సు మూత తీసి పైకి చూసేటప్పుడు జాగ్రత్త.

సెంట్రల్‌లో తలెత్తితే హెచ్‌ఎస్‌బీసీ భవనం కప్పు మీద రెండు క్రేన్ల లాంటివి కనిపిస్తాయి. కత్తిలా ఉన్న బ్యాంక్ ఆఫ్ చైనా టవర్ చెడు ప్రభావానికి విరుగుడుగా ఫిరంగుల్లా పెట్టారని జనం చెప్పుకుంటారు. కిటికీలు కడగడానికి పెట్టిన సామగ్రి అది. కథే బాగుంది.

మనుషులను అడగకుండా తీయవచ్చా?

వీధిలో తీస్తే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. అయినా చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించండి. ఆదివారాలు సెంట్రల్‌లో ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మహిళలు అట్టపెట్టెలు పరచుకుని, కబుర్లు చెప్పుకుంటూ, డాన్సులు ప్రాక్టీసు చేసుకుంటూ గడుపుతారు. వారంలో వాళ్లకున్న ఒకే సెలవు రోజు అది. దూరంనుంచి పెద్ద లెన్సుతో దొంగచాటుగా తీయడం నాకు నచ్చదు. దగ్గరికి వెళ్లి నవ్వి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, తీశాక చూపించమంటారు.

క్వారీ బేలో ‘మాన్‌స్టర్ బిల్డింగ్’ అని పేరుపడ్డ ఇళ్ల సముదాయం ఉంది. అక్కడ ఫొటోలు తీయవద్దని నివాసులు బోర్డు పెట్టారు. అందరూ తీస్తున్నారని మీరు కూడా వెళ్లనక్కర్లేదు. ఇంటి ముందు రోజూ వందమంది తల పైకెత్తి నిలబడితే మనకెలా ఉంటుంది?

హోటల్ బయటికి రాగానే లెన్సు పొగపట్టినట్టు అవుతోంది. పాడైపోయిందా?

లేదు. గదిలో ఏసీ చలి, బయట ఉక్క. చల్లటి గాజు మీద గాలిలోని తేమ పేరుకుంటుంది. నా మొదటి ఉదయం ఇలాగే పోయింది. గుడ్డతో తుడవడం, మళ్లీ మసకబారడం, ఈలోగా పడవ మీద పడ్డ బంగారు ఎండ తెల్లబడిపోవడం. తుడవకండి. బయలుదేరడానికి ముందే కెమెరాను మూసిన సంచిలో పెట్టి, బయటికి వచ్చాక ఇరవై నిమిషాలు ఆ సంచిని తెరవకుండా ఆగండి. లెన్సు మాత్రం బయట మార్చకండి, తేమ లోపలికి పోతే అంత తేలిగ్గా పోదు.

ఏ లెన్సులు? ఫోను చాలదా?

పగటిపూట ఫోను చాలు. కెమెరా తీసుకెళ్తే ఒక 35 మిల్లీమీటర్ల లెన్సు, ఒక 85 చాలు. మరీ వెడల్పాటి లెన్సుతో హార్బర్ తీస్తే సగం నీళ్లు, సగం ఆకాశం, మధ్యలో అగ్గిపుల్లల్లా భవనాలు వస్తాయి. ఈ ఊరి అందం భవనాలు ఒకదాని వెనక ఒకటి కిక్కిరిసి ఉండడంలో ఉంది. దాన్ని పట్టేది 85 లాంటి, దూరాన్ని దగ్గర చేసే పొడవాటి లెన్సే.

డ్రోన్?

ఇంట్లో వదిలేయండి. 250 గ్రాములు దాటితే నమోదు తప్పనిసరి, ఇన్ని భవనాల మధ్య ఎగరేయడం ప్రమాదం కూడా.

వాన వస్తే రోజు పోయినట్టేనా?

వాన వస్తే ట్రామ్ ఎక్కండి. తడిసిన పట్టాల మీద దుకాణాల రంగులు పడతాయి, గొడుగుల వరుస పైనుంచి పువ్వుల్లా కనిపిస్తుంది. తుఫాను సంగతి వేరు. ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగిరిందంటే పడవలు, ట్రామ్‌లు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు. గదిలోనే ఉండి తీసిన ఫొటోలు చూసుకోండి.

నాకు ఒక్క రోజే ఉంది. ఏం చేయను?

చలికాలమైతే ఇలా చేయండి. ఉదయం ఎనిమిదింటి పడవలో సిమ్ షా సుయ్ నుంచి సెంట్రల్‌కు, కింది అంతస్తులో. అక్కడ ‘నార్త్ పాయింట్’ బోర్డున్న ట్రామ్ ఎక్కి చున్ యెంగ్ వీధి. తిరుగు ట్రామ్‌లో వాన్ చాయ్ దగ్గర దిగి పాత ఒడ్డు నడక, భోజనం, కాస్త విశ్రాంతి. మూడింటికి బస్సులో కొండ మీదికి, లూగార్డ్ రోడ్డు. నాలుగున్నరకే దిగిపోండి. పైన ఉంటే ఇంకా బాగుంటుందని మనసు లాగుతుంది, కానీ సాయంత్రం కిందికి వచ్చే బస్సుల వరుస పొడవు చూశాక అర్థమవుతుంది. ఐదున్నరకు సెంట్రల్ రేవులో ఏడో నంబరు పీర్ దగ్గర ఉండాలి. పై అంతస్తులో వెనక చివర నిలబడితే, పడవ కౌలూన్ వైపు కదులుతుండగా దీవి మీది దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ దూరమవుతాయి. అవతల దిగి, గడియార స్తంభం పక్కనుంచి నడిచి, ఒడ్డున ట్రైపాడ్ నిలబెట్టేసరికి ఆకాశం నీలానికి తిరుగుతూ ఉంటుంది.